మొదటిసారి ఆటగాళ్ల వేలంలో కూర్చునే టీమ్ ఓనర్‌కి: పక్క టేబుళ్ల పర్సు లెక్కపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జిల్లా స్థాయి టెన్నిస్ బాల్ లీగ్‌లో కొత్తగా ఒక టీమ్ తీసుకున్నారు. మొత్తం 8 జట్లు. ఒక్కో జట్టుకి ఖర్చుపెట్టడానికి 1,00,000 పాయింట్ల పర్సు, 14 మందిని కొనాలి, బేస్ ప్రైస్ (పాట మొదలయ్యే కనీస ధర) 1,000. క్రికెట్ ఆడారు గానీ వేలంలో ఎప్పుడూ కూర్చోలేదు. "ముందే ఒక స్టార్‌ని కొట్టేసి తర్వాత మిగతావాళ్లని చూసుకోవాలా, లేక పాయింట్లు దాచుకుని చివర్లో కొనాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండూ కాదండీ. ఎప్పుడు కొనాలో మీ లిస్టు చెప్పదు, మిగతా ఏడు టేబుళ్ల దగ్గర ఎంత మిగిలిందన్నది చెప్తుంది. ఎవరి రేటైనా రెండో టేబుల్ ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది. 40,000 దాకా వెళ్దామని మీరు అనుకున్న కుర్రాడి కోసం అవతల ఎవరూ 6,000 దాటకపోతే మీకు 6,500కే వస్తాడు. అదే కుర్రాడి మీద ఇంకో ఓనర్‌కీ కన్నుంటే 39,000 పలుకుతాడు. అందుకే వేలానికి ముందు చేసే కసరత్తులో సగం ఆటగాళ్ల గురించి అయితే, సగం ఎదుటి ఓనర్ల గురించి.

నేను మా గోదావరి జిల్లాల వైపు లీగుల్లో ఓనర్ల పక్కన లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ని. కొన్నిచోట్ల నిర్వాహకుల తరఫున వేలం నడిపాను కూడా. అక్కడ చూసినదీ, టీవీలో మనందరం చూసిన పెద్ద వేలాల సంగతీ కలిపి చెప్తాను.

ముందు రూల్స్ కాగితం. ఫోన్లో చెప్పిన మాటలు నమ్మకండి, కాగితం మీద అడగండి. పాయింట్లు ఉత్తుత్తివా, లేక పాడిన మొత్తం ఆటగాడికి డబ్బుగా ఇవ్వాలా? మిగిలిన పాయింట్లు వచ్చే సీజన్‌కి వస్తాయా? ఓనర్ తానే ఆడితే అతనికి ఎన్ని పాయింట్లు కోస్తారు? ఇద్దరు ఓనర్లూ తమ గరిష్ఠం దగ్గర నిలబడిపోతే చీటీ తీస్తారా? ఒకడికి దెబ్బ తగిలితే బదులు మనిషిని ఎక్కణ్నుంచి తీసుకోవచ్చు? వీటిలో ఏ ఒక్కటి మారినా మీ ప్లాన్ మొత్తం మారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఐకాన్ ప్లేయర్ రూలు. ఐకాన్ అంటే వేలంలో పాడకుండా జట్టుకి ముందే ఇచ్చేసే స్టార్. 2008 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన మొట్టమొదటి ఐపీఎల్ వేలంలో, ఐకాన్ ఆటగాడికి ఆ జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నారు. అంటే మీరు ఒకడి కోసం పాట పెంచిన ప్రతిసారీ ఐకాన్ ఖర్చు కూడా దానంతట అదే పెరుగుతుంది. మన లక్ష్మణ్ ఐకాన్ హోదా వద్దనుకోవడంతో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కి ఆ బరువు తప్పి, వేలంలో చేతులు ఆడాయి. ధోనీ చెన్నైకి 15 లక్షల డాలర్లకు వెళ్లాడు. తర్వాతి స్థానం డెక్కన్ ఛార్జర్స్ కొన్న ఆండ్రూ సైమండ్స్‌దే, 13.5 లక్షల డాలర్లు. అప్పటి పర్సు 50 లక్షల డాలర్లే. ఇంతా చేసి ఆ సీజన్‌లో ఛార్జర్స్ ఆఖరి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో వాళ్లే ట్రోఫీ ఎత్తారు. వేలం రోజునే టీమ్ గెలిచిందో ఓడిందో తేలిపోదు అనడానికి ఇదొక్కటి చాలు.

మీ లీగ్‌లోనూ ఐకాన్‌ని ముందే ఇస్తున్నారంటే, అతని ధర ముందే ఖాయం చేశారా, వేలం తర్వాత లెక్కగడతారా అన్నది తప్పక కనుక్కోండి.

గరిష్ఠ పాట లెక్క. చాలా లీగుల్లో దీన్ని స్క్రీన్ మీదే వేస్తారు. మిగిలిన పాయింట్లలోంచి, ఇంకా కొనాల్సినవాళ్లలో ఒకణ్ని తీసేసి మిగతావాళ్లకి బేస్ ప్రైస్ పక్కన పెడితే వచ్చేది. మీకు మొదట్లో 1,00,000 నుంచి 13,000 తీసేస్తే 87,000. మధ్యలో 32,000 మిగిలి ఏడుగురు కావాలంటే 26,000. ఇది రూలు అనుమతించే హద్దు మాత్రమే, తెలివైన హద్దు కాదు. కొత్త ఓనర్లు స్క్రీన్ మీద 87,000 కనపడగానే తమ దగ్గర అంతా ఉన్నట్టే పాడతారు.

అసలు చూడాల్సిన లెక్క వేరే ఉంది. గదిలో మొత్తం 8,00,000 పాయింట్లు ఉన్నాయి, కొనాల్సింది 112 మందిని. సగటున మనిషికి 7,143. ఇప్పుడు మొదటి 20 మంది పేర్లు అయిపోయేసరికి 5,00,000 ఖర్చయిందనుకోండి. పెద్ద పేర్లు ముందు వచ్చే లీగుల్లో ఇది మామూలే. మిగిలిన 92 మందికి గదిలో ఉన్నది 3,00,000. ఈలోగా మీరు 40,000తో ముగ్గుర్ని కొని 60,000 అట్టిపెట్టుకున్నారనుకుందాం. మీకు ఇంకా 11 మంది కావాలి, మనిషికి 5,455 పెట్టగలరు. మిగతా ఏడు జట్లకూ కలిపి 2,40,000తో 81 మంది కావాలి, వాళ్లు మనిషికి పెట్టగలిగింది 2,963. అంటే అక్కణ్నుంచి ప్రతి పేరు మీదా మీ చేతిలో దాదాపు రెట్టింపు బలం ఉన్నట్టు. మూడు, నాలుగు వేల దగ్గర వాళ్లకి చెమటలు పడతాయి, మీకు పట్టవు.

దాచుకోవడం మంచిదే అనిపిస్తుంది కదా, కానీ దానికీ ఒక హద్దుంది. ఆ 92 మందిలో మీకు నిజంగా పనికొచ్చేవాళ్లు ఎంతమంది? పదిహేను మంది ఉంటే మీ 60,000 బంగారం. అయిదుగురే ఉంటే ఆ అయిదుగురి కోసం డబ్బున్న ఇంకో టేబుల్ కూడా కాచుకుని ఉంటుంది, ఆ తర్వాత మిగిలిన పాయింట్లు చిత్తుకాగితమే. వచ్చే ఏడాదికి రాని పాయింట్లని మిగుల్చుకుని ఇంటికెళ్లడం పొదుపు కాదు.

కొత్త జట్టు ఎలా కొనాలో చూడాలంటే 2022 ఐపీఎల్ మెగా వేలంలో గుజరాత్‌ని చూడండి. 90 కోట్ల పర్సులో 38 కోట్లు ముందే ముగ్గురి మీద పెట్టారు: హార్దిక్ 15, రషీద్ ఖాన్ 15, శుభ్‌మన్ గిల్ 8. బెంగళూరులో రెండు రోజుల వేలంలో మొదటి రోజు వాళ్ల కొనుగోళ్లు చూసి బ్యాటింగ్ ఏదీ అని చాలామంది పెదవి విరిచారు. డేవిడ్ మిల్లర్ మొదటి రోజు అమ్ముడుపోలేదు. సాహా పోలేదు, మాథ్యూ వేడ్ పోలేదు. రెండో రోజు అన్‌సోల్డ్ పేర్లు మళ్లీ వచ్చినప్పుడు గుజరాత్ మిల్లర్‌ని 3 కోట్లకి, వేడ్‌ని 2.4 కోట్లకి, సాహాని 1.9 కోట్లకి తీసుకుంది. మిల్లర్ ఆ సీజన్‌లో 481 పరుగులు చేశాడు. కోల్‌కతాలో క్వాలిఫయర్ ఆఖరి ఓవర్లో ప్రసిద్ధ్ కృష్ణని వరసగా మూడు సిక్సర్లు బాదింది ఆ మొదటి రోజు ఎవరికీ పట్టని మనిషే. తొలి సీజన్‌లోనే కప్పు. మొదటి రోజు మిల్లర్ ఆట తక్కువై కాదు, ఆ నిమిషంలో ఆ రేటుకి రెండు చేతులు లేవలేదు, అంతే.

మీ లీగ్‌లోనూ అన్‌సోల్డ్ రౌండ్ ఉంటుంది. అన్‌సోల్డ్ అని పలికిన ప్రతి పేరూ, మీకు అవసరం ఉన్నా లేకపోయినా, వేరే కాగితం మీద రాయించండి. రాత్రి తొమ్మిదికి అందరూ బిర్యానీ వైపు చూస్తుంటారు. అప్పుడు మళ్లీ ఆ పేర్లు పిలిస్తే ఎవరు ఎవరో గుర్తున్న టేబుల్ ఒకటో రెండో ఉంటాయి. నేను వేలం నడిపిన ఒకచోట, మధ్యాహ్నం 5,000 బేస్ సెట్‌లో ఎవరూ తీసుకోని ఎడమచేతి పేసర్ రాత్రి బేస్ తగ్గించి పిలిస్తే 1,000కే పోయాడు. కొన్న ఓనర్ తప్ప మిగతావాళ్లకి అతను ఎడమచేతి వాటమని కూడా గుర్తు లేదు.

స్టార్ సంగతికి వస్తాను. ఒక్కడి మీద సగం పర్సు పెట్టడం గురించి మన తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ప్రో కబడ్డీ పదో సీజన్‌కి తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొన్నారు. అప్పటికి అదే లీగ్ రికార్డు, మొత్తం పర్సు 5 కోట్లు. పవన్ తన వంతు రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. కబడ్డీలో డిఫెన్స్ కూలిపోతే అవుటైన రెయిడర్ బెంచ్ మీద కూర్చుని చూడాల్సిందే. అంతకు ముందు సీజన్‌లో అదే పవన్‌ని తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకి కొంటే తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్‌కే దూరమయ్యాడు. ఎంత గొప్ప ఆటగాడైనా మోకాలు ఒక్కటే కదండీ.

అలాగని స్టార్‌ని కొనొద్దని కాదు. టెన్నిస్ బాల్‌లో, అందునా పది పన్నెండు ఓవర్ల మ్యాచ్‌ల్లో, ఒక్క బ్యాటర్ మ్యాచ్ లాగేయగలడు. నా లెక్క ప్రకారం పావు వంతు పర్సు దాకా, అంటే మీకు 25,000 దాకా, ఒకడి మీద పెట్టొచ్చు. అంతకు మించితే అవతలి ఎండ్ నుంచి అతనికి స్ట్రైక్ ఇచ్చే మనుషుల్ని, అతను అవుటైన రోజు నిలబడే మనుషుల్ని కొనలేరు.

రిషభ్ పంత్ ఉదంతం ఇంకో కోణం నేర్పుతుంది. 2024 నవంబర్‌లో జెద్దాలో లక్నో, హైదరాబాద్ పోటీ పడి పాట 20.75 కోట్లకి చేరింది, హైదరాబాద్ ఆగింది. పంత్ పాత జట్టు ఢిల్లీ ఆర్టీఎం కార్డు (తన పాత ఆటగాణ్ని ఆఖరి పాట రేటుకే వెనక్కి తీసుకునే హక్కు) ఎత్తింది. కొత్త రూలు ప్రకారం లక్నోకి ఒకసారి పెంచే అవకాశం వచ్చింది, ఏకంగా 27 కోట్లన్నారు. ఢిల్లీ వెనక్కి తగ్గింది. అంటే ఆఖరి ఆరుంబావు కోట్లు లక్నో పెట్టింది ఎదురుగా లేచిన చేతిని చూసి కాదు, లేవొచ్చన్న అనుమానం చూసి. ఆ సీజన్‌లో పంత్ 269 పరుగులు చేశాడు, లక్నో ఏడో స్థానంలో ముగిసింది. మీ లీగ్‌లో రిటెన్షన్ (పాత ఆటగాణ్ని వేలానికి ముందే అట్టిపెట్టుకోవడం), ఆర్టీఎం లాంటివి ఉంటే పాత ఓనర్లకి ఏ ఆటగాడి మీద ఆ హక్కుందో ముందే రాసుకోండి. అలాంటివాళ్ల పేర్లు మీ లిస్టులో కింద ఉంచండి.

కొరత ఎక్కడుందో లెక్కపెట్టండి. ఆటగాళ్ల లిస్టు రాగానే నేను చేసే మొదటి పని కీపర్లని లెక్కపెట్టడం. 8 జట్లకి 20 మంది కీపర్లుంటే కంగారు లేదు, బేస్ ప్రైస్‌కి దొరుకుతారు. 9 మందే ఉంటే మొదటి ముగ్గురిలోనే మీ మనిషిని తీసేసుకోండి. ఒక లీగ్‌లో ఇలాగే ఎనిమిదో కీపర్ పేరు వచ్చేసరికి ఇంకా ముగ్గురు ఓనర్లకి కీపర్ లేడు. మొదటి కీపర్ 4,000కి పోయినచోట ఆ ఎనిమిదో అతను, నిజానికి వాళ్లందరిలో బలహీనుడు, 19,000కి పోయాడు. డెత్ ఓవర్లు, అంటే ఆఖరి ఓవర్లు వేసే బౌలర్ల విషయంలోనూ ఇంతే. ఓపెనర్లు మాత్రం ఎప్పుడూ కావలసినంత మంది ఉంటారు, వాళ్ల కోసం తొందరపడకండి.

ఇక రిజిస్ట్రేషన్ ఫారాలు. వాటిని చదివితే మన రాష్ట్రంలో ఉన్నదంతా ఆల్ రౌండర్లే అనిపిస్తుంది. స్థానిక మ్యాచ్‌ల స్కోర్లు ఉండే క్రిక్‌హీరోస్ యాప్‌లో ఆటగాడి ప్రొఫైల్ తెరిచి చూడండి. అక్కడ కూడా మొత్తం పరుగులు చూడకండి, ఎవరి మీద చేశాడో, ఏ బంతితో చేశాడో చూడండి. లెదర్ బాల్‌లో సొగసుగా ఆడేవాడు టెన్నిస్ బాల్‌లో మిడాన్‌కి క్యాచ్‌లిస్తూ ఉండటం చాలాసార్లు చూశాను. బంతి ఆలస్యంగా వస్తుంది, షాట్ ముందే అయిపోతుంది. స్కోర్‌కార్డుల్లో ఆల్ రౌండర్ అన్నవాడు ఎన్ని మ్యాచ్‌ల్లో పూర్తి కోటా బౌలింగ్ వేశాడో చూస్తే నిజం బయటపడుతుంది.

కానీ ప్రొఫైల్‌లో కనపడనిది ఒకటుంది, స్థానిక లీగుల్లో టీమ్‌లు ఓడేది ఎక్కువగా దానివల్లే: మనిషి మ్యాచ్‌కి వస్తాడా రాడా. ఐపీఎల్ ఆటగాడికి అదే ఉద్యోగం. మీ ఆటగాడికి కాదు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పేరిచ్చినవాడు నాకౌట్ నాటికి వెనక్కి వెళ్లిపోయి ఉంటాడు. డిగ్రీ కుర్రాడికి సెమిస్టర్ పరీక్షలుంటాయి. కౌలు చేసుకునేవాడు నాట్ల రోజుల్లో పొలం వదలడు. మంచి ముహూర్తాలున్న వారంలో మ్యాచ్‌లు పెడితే ఫోటోగ్రాఫర్లు, సౌండ్ సిస్టమ్ కుర్రాళ్లు, కేటరింగ్‌లో పనిచేసేవాళ్లు ఎవరూ రారు. నా పుస్తకంలో ప్రతి పేరు పక్కనా ఇది ఒక గడి: ఏ ఏ రోజులు వస్తాడు, బండి ఉందా, ఎంత దూరం నుంచి. మీ లిస్టులోని మొదటి ముప్పై మందికి వేలానికి ముందే ఫోన్ చేసి ఇది అడగండి. అడగడానికి రూలు ఒప్పుకుంటుందో లేదో మాత్రం చూసుకోండి, కొన్ని లీగుల్లో వేలానికి ముందు ఆటగాళ్లతో మాట్లాడితే పాయింట్లు కోస్తారు. అక్కడైతే వాళ్ల పాత కెప్టెన్లని అడగండి, వాళ్లు ఇంకా నిజం చెప్తారు.

టేబుల్ దగ్గర ముగ్గురు చాలు. ఒకరు పాడటానికి, ఒకరు మన లిస్టు చూడటానికి, ఒకరు మిగతా ఏడు జట్ల పర్సులు, ఖాళీలు ప్రతి సోల్డ్ తర్వాతా రాయడానికి. మూడో మనిషే ముఖ్యం, అతన్ని చాయ్ తేవడానికి కూడా లేపకండి. ఏడు గడులు, ప్రతి గడిలో మూడు అంకెలు: మిగిలిన పాయింట్లు, ఇంకా కావలసిన మంది, గరిష్ఠ పాట. ఒక టేబుల్ గరిష్ఠం 8,000కి పడిపోయిందని మీ పుస్తకంలో ఉంటే, ఆ ఓనర్ 7,500 దగ్గర ఎంత ఊపుగా చెయ్యెత్తినా మీరు బెదరరు. బామ్మర్ది, స్పాన్సర్, వాట్సాప్‌లో లైవ్ చూస్తూ "అన్నా వాణ్ని తీసుకో" అని మెసేజ్‌లు పెట్టే స్నేహితులు, వీళ్లందరూ హాలు బయట ఉంటేనే మీకు మంచిది. పాడేవాడి ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, అసలు జేబులోనే ఉండకూడదు.

పంతం గురించి ఒక మాట. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి మొదలై 2025లో 35 లక్షలు పలికింది. అక్కడ ఎక్కువకి పాడటమే పాడినవాడి గౌరవం, ఎవరూ నష్టపోరు. మీ వేలం అలాంటిది కాదు. ఎదుటి ఓనర్ మీ ఊరివాడో, వ్యాపారంలో పోటీదారో అయితే గదిలో జనం కూడా ఎగదోస్తారు, మైకు పట్టుకున్నవాడు మీ ఇద్దరి పేర్లు పెట్టి మరీ రెచ్చగొడతాడు. నేనూ ఆ మైకు పట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను, అది మా పని. దీనికి మందు ఒకటే: ప్రతి పేరుకీ ఇంట్లోనే హద్దు రాసుకుని, పాట దాన్ని దాటితే ప్యాడిల్ (పాటకి ఎత్తే పలక) బోర్లా పెట్టేయడం.

ఎదుటివాడి పర్సు కరిగించడానికి ఉత్తుత్తిగా పాట పెంచొచ్చా అని అడిగేవాళ్లుంటారు. చెయ్యొచ్చు, ఆ ఆటగాడు ఆ రేటుకి మీ మీద పడినా పరవాలేదు అనుకున్నంత వరకే. మీకు ఇద్దరు ఓపెనర్లు ఉన్నాక మూడో ఓపెనర్ మీద పాట ఎక్కించి, అవతలివాడు ఠక్కున ఆగిపోతే ఆ 11,000 ఎవరికి? మీకే. మొదటి సీజన్‌లో ఈ ఆట జోలికి వెళ్లకండి.

పేర్లు జాగ్రత్త. 2023 డిసెంబర్‌లో దుబాయ్ వేలంలో పంజాబ్ వాళ్లు శశాంక్ సింగ్‌ని 20 లక్షలకి పాడి, సుత్తి పడ్డాక ఇతను కాదేమో అని తటపటాయించిన సంగతి అందరూ చూశారు. లిస్టులో ఒకే పేరుతో ఇద్దరున్నారు. సుత్తి పడ్డాక వెనక్కి లేదన్నారు. తర్వాత తమకి కావలసినవాడే వచ్చాడని పంజాబ్ చెప్పింది, అతనేమో గుజరాత్ మీద 29 బంతుల్లో 61 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. అది అదృష్టం. మీ జిల్లా లిస్టులో సాయి, దుర్గాప్రసాద్, మణికంఠ పేర్లతో ఎంతమందుంటారో మీకే తెలుసు. పేరుతో కాదు, సీరియల్ నంబర్‌తో, ఫోటోతో లిస్టు వేసుకోండి.

వేలం అయ్యాక లేవకముందే మీ 14 మంది పేర్లు, ధరలు నిర్వాహకుల పుస్తకంతో సరిచూసి సంతకం తీసుకోండి. ఆ రాత్రే అందరికీ ఫోన్ చేయండి, ముఖ్యంగా బేస్ ప్రైస్‌కి వచ్చినవాళ్లకి ముందు. 1,000కి పోయానని చిన్నబుచ్చుకున్న కుర్రాడు మొదటి మ్యాచ్‌కి రాకుండా ఎగ్గొట్టేస్తాడు. ఓనర్ స్వయంగా ఫోన్ చేసి నువ్వు నాలుగో నంబర్‌లో ఆడుతున్నావు అని చెప్తే గంట ముందే గ్రౌండ్‌లో ఉంటాడు.

మీ లీగ్‌లో ఐకాన్ ధర ఎలా కోస్తారో, లిస్టులో కీపర్లు ఎంతమందో కనుక్కుని రాయండి. ఆ రెండూ తెలిస్తే మీ మొదటి అయిదు పేర్లకి ఎంత హద్దు పెట్టుకోవచ్చో అంకెలతో చెప్తాను.